పాఠం: ఒక ఉత్తరం, నాలుగు ప్రశ్నలు
(సాహిత్య విమర్శ దృక్పథాలు – అన్వయం)

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
– సాహిత్య సిద్ధాంతం, విమర్శ అనే మాటలకు అర్థం చెప్పగలుగుతారు.
– ఒకే కథను నాలుగు దృక్పథాల నుంచి పరిశీలించగలుగుతారు.
– మీ అభిప్రాయానికి రచనలోంచే ఆధారం చూపగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

నలుగురు కలిసి ఒక సినిమా చూసి వచ్చారనుకోండి. ఒకరు "తప్పంతా ఆ మామగారిదే" అంటారు. ఇంకొకరు "ఆ రోజులే అలాంటివి" అంటారు. మూడోవారు "మాటలు బాగా రాశారు" అంటారు. ముగ్గురూ చూసింది ఒకే సినిమా. వేసుకొన్న ప్రశ్నలు మాత్రం వేరు.

రచనను ఏ ప్రశ్నతో చదవాలో, ఎందుకు చదవాలో వివరించే ఆలోచననే సాహిత్య సిద్ధాంతం అంటారు. ఆ ప్రశ్నకు రచనలో జవాబు వెతికి, ఆధారంతో చెప్పడం విమర్శ. ఇది పండితులకే పరిమితమైన విద్య కాదు. మీరు రోజూ చేసే పనినే ఇక్కడ ఒక పద్ధతిగా నేర్చుకొంటారు.

2. మనం తీసుకొన్న కథ

కోల్‌కతాలో పుట్టిన రవీంద్రనాథ్ ఠాగూర్ 1914లో 'స్త్రీర్ పత్ర' అనే కథ రాశారు. బెంగాలీలో 'స్త్రీ' అంటే భార్య అని కూడా అర్థం. కనుక ఇది భార్య రాసిన ఉత్తరం.

రాసిన ఆమె పేరు మృణాళ్. కోల్‌కతాలో ఒక ఉమ్మడి కుటుంబానికి రెండో కోడలు. పెళ్లయిన పదిహేనేళ్లకు, పూరీ యాత్రకు వెళ్లి, అక్కడి నుంచి భర్తకు మొదటిసారి ఉత్తరం రాసింది. తోడికోడలి చెల్లెలు బిందు తల్లిదండ్రులు లేని పిల్ల. ఆశ్రయం కోసం ఆ ఇంటికి వచ్చింది. ఆమెను ఆదరించినది మృణాళ్ ఒక్కతే. ఇంట్లోవాళ్లు బిందుకు పెళ్లి చేసి పంపించారు. వరుడు మతి స్థిమితం లేనివాడు. బిందు పారిపోయి వచ్చినా ఆమెకు అక్కడ చోటు దొరకలేదు. చివరకు బట్టలకు నిప్పంటించుకొని చనిపోయింది. మృణాళ్ ఇక ఆ ఇంటికి తిరిగి రానని రాసింది.

3. నాలుగు దృక్పథాలు

3.1 రూపం: కథ ఎలా చెప్పారు?

కథంతా ఒక ఉత్తరం. భర్త మాట మనకు వినిపించదు. పదిహేనేళ్లు అతడి ఇంట్లో మౌనంగా ఉన్నది ఆమె. ఇప్పుడు మౌనంగా వినవలసినవాడు అతడు. మొదట్లో భర్త పాదాలను స్మరించే సంప్రదాయ సంబోధన ఉంటుంది. చివరి సంతకంలో ఆ పాదాల ఆశ్రయం తెగిపోయిందని ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మృణాళ్‌లో వచ్చిన మార్పు అక్కడే కనిపిస్తుంది.

3.2 చరిత్ర: ఆ కాలానికీ కథకూ సంబంధం ఏమిటి?

1914 ప్రారంభంలో స్నేహలత అనే పెళ్లి కాని అమ్మాయి కోల్‌కతాలో ఒంటికి నిప్పంటించుకొని మరణించింది. ఆమె పెళ్లి కట్నం కోసం తండ్రి ఇల్లు పోగొట్టుకొనే పరిస్థితి వచ్చింది. ఆ మరణం బెంగాల్‌లో పెద్ద చర్చ లేపింది. కథలో బిందు మరణాన్ని జనం ఒక ఫ్యాషన్‌గా కొట్టిపారేస్తారు. ఆనాటి సంగతి తెలిస్తే ఆ మాటలోని కాఠిన్యం మరింత అర్థమవుతుంది.

భాష విషయం కూడా గమనించండి. ఈ కథ వెలువడిన 'సబుజ్ పత్ర' 1914లో ప్రమథ చౌధురి ప్రారంభించిన పత్రిక. అది వాడుక బెంగాలీని బలపరిచింది. ఇదే కాలంలో తెలుగులో గురజాడ, గిడుగు వ్యావహారికం కోసం వాదించారు.

3.3 స్త్రీవాదం: అధికారం ఎవరిది?

మృణాళ్‌ను కోడలిగా ఎంచుకొన్నది అందం చూసి. ఆమె తెలివితేటలు మాత్రం ఇంట్లోవాళ్లకు ఇబ్బందిగా తోచాయి. ఆమె కవిత్వం రాసేది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఇల్లు స్త్రీకి ఏమిచ్చింది, ఏమి తీసుకొన్నది అని స్త్రీవాద విమర్శ అడుగుతుంది.

ఆ కాలంలోనే దీనిమీద వివాదం వచ్చింది. చిత్తరంజన్ దాస్ నడిపిన 'నారాయణ్' పత్రికలో బిపిన్ చంద్ర పాల్ దీనికి ఎదురు కథ రాశారు. చదివినవారికి కోపం తెప్పించిన చోట ఏముందో వెతకడమూ విమర్శలో భాగమే.

3.4 అట్టడుగు గొంతు: మాట వినిపించనిది ఎవరిది?

గాయత్రి చక్రవర్తి స్పివాక్ 1942లో కోల్‌కతాలో పుట్టిన విమర్శకురాలు. అట్టడుగున ఉన్నవారు మాట్లాడగలరా, మాట్లాడినా ఆ మాట చెవిన పడుతుందా అని 1988లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ప్రశ్నించారు. ఆ ప్రశ్నతో మళ్లీ కథ చదవండి.

మృణాళ్ ఉత్తరం మన చేతికి వచ్చింది. బిందు కూడా చనిపోయే ముందు మృణాళ్ పేర ఒక ఉత్తరం రాసి పెట్టింది. దాన్ని అత్తింటివారు నాశనం చేశారు. కథలో ఇది ఒకే ఒక్క వాక్యంలో వచ్చే సంగతి. తొందరగా చదివితే దాటిపోతాం. మనం చదువుతున్న ఉత్తరం వెనక చదవలేని ఉత్తరం మరొకటి ఉంది. చదువూ కొంత చోటూ ఉన్న కోడలి మాట నిలిచింది. ఏమీ లేని పిల్ల మాట బూడిదయింది.

4. అన్వయంలో జాగ్రత్తలు

సిద్ధాంతాన్ని రచన మీద రుద్దకూడదు. ఉదాహరణకు "ఈ కథలో స్త్రీలంతా ఒక పక్క, పురుషులంతా ఒక పక్క" అని రాస్తే అది పొరపాటు. బిందును కాపాడాలని మృణాళ్‌కు సాయపడినది ఆమె తమ్ముడు శరత్. బిందు అక్క భయం వల్ల చెల్లెలి పక్షాన నిలబడలేకపోయింది. మీ వాదానికి ఎదురు వచ్చే వివరాన్ని దాచకండి. దాన్ని కలుపుకొని మళ్లీ ఆలోచించండి.

విమర్శ రాసేటప్పుడు ఈ వరుస పాటించండి: (1) ప్రశ్న (2) రచనలోని ఆధారం (3) మీ నిర్ణయం (4) ఎదురు వచ్చే ఆధారం.

5. మీ ప్రగతిని తెలుసుకోండి

గురజాడ 'దిద్దుబాటు' (1910) చదవండి. అందులోనూ కమలిని భర్తకు ఉత్తరం రాస్తుంది. రెండు ఉత్తరాలనూ పోల్చి, ఒక తేడా ఆధారంతో రాయండి.

నమూనా సమాధానం: కమలిని ఉత్తరం భర్తను దిద్దడానికి రాసినది. ఆమె ఇల్లు విడిచి వెళ్లలేదు, మంచం కిందే ఉంది. మృణాళ్ ఉత్తరం ఎవరినీ దిద్దడానికి కాదు. ఆమె నిజంగానే వెళ్లిపోయింది. మొదటిది నవ్వుతో ముగుస్తుంది, రెండోది సంబంధం తెగిపోవడంతో ముగుస్తుంది.

ఇలా భాషల సరిహద్దు దాటి రచనలను పక్కపక్కన చదవడం తులనాత్మక అధ్యయనం. 1956లో బుద్ధదేవ బోస్ కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ఇందుకోసం ఒక శాఖనే ప్రారంభించారు.

6. సారాంశం

దృక్పథం అంటే ప్రశ్న. ప్రశ్న మారితే రచనలో కనిపించేదీ మారుతుంది. అయితే ప్రతి జవాబుకూ ఆధారం రచనలో ఉండాలి. మీరు చదువు మధ్యలో ఆపినవారైనా, ఇల్లు నడుపుతూ చదువుతున్నవారైనా, మీ అనుభవం మీ ప్రశ్నకు పదును పెడుతుంది. ఇకమీద ఏ కథ చదివినా, మాట్లాడినవారి మాట విన్న తరవాత మరొక ప్రశ్న కూడా అడగండి: ఇందులో ఎవరి ఉత్తరం కాలిపోయింది?