అతుకు చెప్పని అబద్ధం

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో 130 మీటర్ల పట్టాలు రెండింటిని వెల్డింగ్ చేసి, 260 మీటర్ల పట్టాగా రైల్వేలకు పంపుతారు. అతుకు దగ్గర ఎత్తుపల్లం ఉండకూడదు. ఫ్యూచర్స్ ధరల చార్టు తయారుచేసేవారి పనీ అదే. కాకపోతే అక్కడ అతుకు నున్నగా రావాలంటే గతాన్నే జరపాలి.

సెక్టార్లలోని క్వార్టర్‌లో కూర్చుని, పదవీ విరమణ సొమ్ములో కొంతతో ట్రేడింగ్ చేయాలనుకునే ఉద్యోగినే తీసుకోండి. తన వ్యూహం పదేళ్ల ధరలపై నిలుస్తుందో లేదో చూడాలి. కానీ పదేళ్ల ధర అనేదే లేదు. షాంఘైలో 2009లో మొదలైన ఉక్కు కడ్డీల ఫ్యూచర్స్ అయినా, మన ఎంసీఎక్స్ ముడిచమురు అయినా, ప్రతి కాంట్రాక్టుకూ గడువుంటుంది. ఒకటి ముగిసేలోగా మరోదానికి మారాలి.

మారే రోజున పాతది 40,000, కొత్తది 40,800 రూపాయలు అనుకుందాం. ఆ 800 ఎవరి జేబులోనూ పడదు. అయినా కంప్యూటర్ దాన్ని లాభంగా లెక్కిస్తుంది. అందుకే అంతకుముందరి ధరలన్నిటికీ 800 కలుపుతారు. ఇదే బ్యాక్ అడ్జస్ట్‌మెంట్. కొత్తది చవకైతే తీసివేత. ఇలా ఏళ్ల తరబడి తీసేస్తూ పోతే పాత ధరలు సున్నా కిందికీ దిగవచ్చు. రూపాయల్లో లాభనష్టాలు సరిగ్గానే వస్తాయి. శాతాలు మాత్రం తప్పుతాయి. నిష్పత్తితో సవరిస్తే శాతాలు నిలుస్తాయి, రూపాయలు తప్పుతాయి.

2020 ఏప్రిల్ 20న ఈ లెక్కలకు అసలు పరీక్ష ఎదురైంది. అమెరికా ముడిచమురు మే కాంట్రాక్టు మైనస్ 37.63 డాలర్ల వద్ద, జూన్‌ది 20.43 డాలర్ల వద్ద ముగిశాయి. తేడా 58.06 డాలర్లు. ఆ రోజు అతికిన చార్టులో గతమంతా అంత పైకి లేస్తుంది. నిష్పత్తి పద్ధతిలోనైతే ఏకంగా తలకిందులవుతుంది. ముందే మారినవారి చార్టులో అసలా ప్రళయమే కనిపించదు. కానీ ఎంసీఎక్స్‌లో ఏప్రిల్ కాంట్రాక్టు మైనస్ 2,884 రూపాయల వద్ద సెటిలైంది. చివరిదాకా ఉన్న కొనుగోలుదారు పెట్టిన ధరంతా పోగా, 100 బ్యారెళ్ల లాట్‌కు మరో 2,88,400 రూపాయలు చెల్లించాల్సి వచ్చింది.

కాబట్టి సవరించిన చార్టు పక్కనే అసలు ధరలూ ఉండాలి. లాభనష్టాల లెక్కకు మొదటిది, మార్జిన్‌కూ, ఎన్ని లాట్లు కొనాలన్న నిర్ణయానికీ రెండోది. ఏ రోజున, ఏ పద్ధతిలో అతికారో తెలుసుకోకుండా ఏ చార్టునూ నమ్మకూడదు. పట్టా అతుకులో తేడా ఉంటే చక్రం చప్పుడు చేస్తుంది. చార్టు అతుకు మాత్రం నోరు మెదపదు.