మీకు తెలుసా? పలికే ప్రతిమలు, పలకలేని పుత్తడిబొమ్మ

ప్రాణంలేని బొమ్మ మాట్లాడడం, ప్రాణమున్న మనిషి బొమ్మగా మిగలడం అనే రెండు కల్పనలూ తెలుగు సాహిత్యంలో కనిపిస్తాయి. 15వ శతాబ్దపు కవి కొరవి గోపరాజు రచించిన ‘సింహాసన ద్వాత్రింశిక’లో విక్రమార్కుని సింహాసనానికి అమర్చిన 32 సాలభంజికలు, అంటే స్త్రీరూపంలో మలచిన ప్రతిమలు, గద్దె నెక్కబోయిన భోజరాజును వారించి విక్రమార్కుని గుణాలను కథలుగా చెబుతాయి.

గురజాడ అప్పారావు (1862–1915) గేయంలో ఇది తారుమారై, కాసుకు ఆశపడిన తల్లిదండ్రులు ముదుసలికి కట్టబెట్టిన బాలిక పూర్ణమ్మే ‘పుత్తడిబొమ్మ’ అవుతుంది. పుత్తడి అంటే బంగారం కనుక ఆ పిలుపులో ముద్దుతోపాటు వెల కూడా ధ్వనిస్తుంది.

గురజాడ పుట్టిన సర్వసిద్ధి రాయవరానికి చేరువలోని ఏటికొప్పాక నిజమైన బొమ్మల ఊరు. అక్కడి పనివారు తరిమెనపై గిరగిర తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కను అదిమిపట్టగా, రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఆపై మొగలి ఆకుతో రుద్దితే నిగారింపు వస్తుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, అంటే ఉత్పత్తికి పుట్టిన చోటుతో ఉన్న సంబంధాన్ని చట్టపరంగా కాపాడే హక్కు, లభించింది.