బూడిదకు క్షారం తోడైతే

2024 నవంబరులో కడప, అనంతపురం జిల్లాల మధ్య బూడిద కోసం గొడవ రేగింది. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం నుంచి తాడిపత్రి ప్రాంతపు సిమెంట్ ఫ్యాక్టరీకి వెళ్లే లారీలు ఎవరివై ఉండాలన్నది తగువు. లారీలు ఆగాయి. పంచాయితీ ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. ఎవరైనా ఎత్తుకుపోతే చాలనుకున్న సరుకుకు ఎంత గిరాకీ వచ్చిందో చూడండి!

ఆ గిరాకీ అంతా ఎండు బూడిదకే. పొగగొట్టానికి చేరకముందే యంత్రాలు పట్టే ఈ మెత్తని పొడిని పోజోలానా సిమెంట్లో 35 శాతం దాకా కలపొచ్చు. నీళ్లతో కలిపి చెరువుల్లోకి వదిలిన బూడిదను అడిగేవారు తక్కువ. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే కాబట్టి దేశంలో ఏటా 25 కోట్ల టన్నులకు పైగా పోగవుతోంది.

ఆ చెరువులతో మన అద్దకాల ఊరు నగరికి ఉన్న చుట్టరికం నీటిది. ఇక్కడి కుశస్థలి తమిళనాడులోకి దిగి, పూండి జలాశయం మీదుగా కొసస్తలైయారుగా సాగి, ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం బూడిద గొట్టాలు కారి పేరుకుపోయిన పాయలు అక్కడే ఉన్నాయి. చేపలు పోయాయని అక్కడి జాలర్లు ఏళ్లుగా పోరాడుతున్నారు. మన అద్దకపు నీళ్లు పైనుంచి, వాళ్ల బూడిద కిందనుంచి. ఒకే నదికి రెండు శిక్షలు.

బూడిదలో పోసిన పన్నీరు వృథా అంటారు. కాస్టిక్ సోడా పోస్తే మాత్రం రాయవుతుంది. బూడిద రేణువులు చాలావరకు గాజు గోళీలు. వాటి నిండా సిలికా, అల్యూమినా. గాఢమైన క్షారం ఆ గాజును కరిగిస్తుంది. కరిగినవి మళ్లీ ఒకదానితో ఒకటి ముడిపడి, గట్టి వలలా అల్లుకుంటాయి. ఆ వలే కంకరనూ ఇసుకనూ పట్టి ఉంచుతుంది. సిమెంటుతో పని లేదు. 1950లలో కీవ్‌లో విక్టర్ గ్లుఖోవ్‌స్కీ ఇలాంటి బంధకాల మీద పనిచేశాడు. 1970లలో ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ డేవిడోవిట్స్ ‘జియోపాలిమర్’ అన్న పేరు పెట్టాడు. ఆస్ట్రేలియాలో 2014లో బ్రిస్బేన్ వెస్ట్ వెల్‌క్యాంప్ పేరుతో తెరిచిన విమానాశ్రయంలో ఈ రకం కాంక్రీటు దాదాపు 40 వేల ఘనపు మీటర్లు పోశారు. అక్కడ బూడిదతో పాటు ఇనుము తీసే కొలిమి చిట్టెం పొడి కూడా వేశారు.

కావలసిన క్షారాలు రెండు: కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్. పవర్‌లూమ్‌ల నగరికి రెండూ కొత్తవి కావు. నూలు అద్దకంలో ఒకటి, చలువ చేయడంలో ఒకటి వాడకంలో ఉన్నవే. కాస్టిక్ ఎంత ప్రమాదకరమో కూడా అద్దకం షెడ్డులో పనిచేసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ప్రయోగశాలల్లో తరచూ వాడే 8 మోలార్ ద్రావణానికి లీటరుకు 320 గ్రాములు కరిగించాలి. కలిపేటప్పుడే అది దాదాపు మరిగేంత వేడెక్కుతుంది, అందుకే ముందురోజే కలిపి చల్లారనిస్తారు. ఇలాంటి సరుకును ఇల్లు కట్టే చోట బక్కెట్లలో పెట్టి మేస్త్రీ చేతికివ్వడం నాకు సమ్మతం కాదు. ఇది షెడ్డులో, కొలతలతో, చేతి తొడుగులతో చేయాల్సిన పని. అద్దకం చేతులకు ఆ జాగ్రత్త అలవాటే.

రాయలసీమకు నచ్చాల్సిన గుణం ఒకటుంది. సిమెంటు పనికి రోజుల తరబడి నీళ్లు కొట్టాలి. దీనికి అక్కర్లేదు. వేడి తగిలితే మేలు: వట్టి బూడిదే అయితే 60 నుంచి 80 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచుతారు, చిట్టెం పొడి కలిపితే మామూలు ఎండ చాలు. బోర్లు ఎండే ఊళ్లలో ఇది చిన్న లాభం కాదు.

పొగడ్తలు ఇక్కడ ఆపాలి. ఇసుకనూ సోడానూ వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కరిగిస్తేనే సిలికేట్ వస్తుంది. కాస్టిక్‌కు కరెంటు ఖర్చు ఎక్కువ. టన్ను సిమెంటుకు ఇంత కార్బన్ డయాక్సైడ్ అన్న లెక్క చూపి, ఇక్కడ అంతా మిగిలిపోతుందంటే నమ్మొద్దు. క్షారం ఎక్కువైతే బిళ్లల మీద తెల్లటి ఉప్పు పూస్తుంది. పైగా బూడిద ఒక్కో కేంద్రానిది ఒక్కో తీరు. చెరువు బూడిద మరీ మొండిది.

ఇంటి గోడలకు ఇంత హంగామా ఎందుకని అడిగితే, నిజమే, అక్కర్లేదు. గోడల పని విశాఖ ‘ఇన్స్వారెబ్’ సంస్థ నుంచి ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ ఎప్పుడో చేసిపెట్టారు. బూడిద, సున్నం, జిప్సం కలిపి, బట్టీ లేకుండా గట్టిపడే ‘ఫాల్-జి’ ఇటుక వాళ్లది. కాల్చే కట్టె లేదు, బొగ్గు లేదు. చిన్న పెట్టుబడితో యంత్రం పెట్టుకున్నవాళ్లు ఊరూరా నిలబడ్డారు. అలా తగ్గిన ఉద్గారాలను ప్రపంచ బ్యాంకు కార్బన్ నిధి కొనుక్కుంది కూడా. మన తెలుగువాళ్ల ఈ విజయానికి రావాల్సినంత పేరు రాలేదు.

చట్టం దన్ను ఉంది. 1999లో మొదలైన బూడిద ఆదేశాలు 2021 డిసెంబరు 31 నాటికి గట్టిపడ్డాయి: వాడకం లక్ష్యం తప్పిన కేంద్రానికి టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం, 300 కిలోమీటర్ల లోపు కట్టడాల్లో, ధర మించకపోతే, బూడిద ఉత్పత్తులే వాడాలి. ముద్దనూరు, కృష్ణపట్నం, ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రాలు మూడూ నగరికి ఆ దూరంలోనే ఉన్నాయి.

కనుక నగరిలో ఎవరైనా జియోపాలిమర్ షెడ్డు పెట్టాలనుకుంటే ఇటుకల జోలికి పోకుండా పేవర్లు, కాలువ మూతలు, అద్దకం షెడ్డుల నేల పలకలు పోసి చూడాలి. సున్నం తక్కువున్న ఈ రాయి ఆమ్లాన్ని సిమెంటు కంటే బాగా తట్టుకుంటుంది. అద్దకపు నీళ్లు పారే కాలువల్లో సిమెంటు ఎలా అరిగిపోయి ఉంటుందో ఇక్కడ అందరూ చూసిందే. ఒక వీధి కాలువకు సగం ఇది, సగం అది వేసి, రెండు వానాకాలాలు గడవనిస్తే చాలు. ఆ తర్వాత ఏది కొనాలో మేస్త్రీలే తేలుస్తారు.