కథల గేముల్లో ‘పెద్దల’ సీన్లు: కథకు బలమా, అమ్మకానికి ఎరా?

ఏర్గట్లలో పసుపు పనులు మొదలయ్యాయంటే పెద్దవాళ్లు ఇంటి పట్టున ఉండరు. తవ్వకం, ఉడకబెట్టడం, పది పదిహేను రోజులు ఎండబెట్టడం, పాలిష్ పట్టడం, ఆ తర్వాత నిజామాబాద్ మార్కెట్‌కు సరుకు తోలడం. ఎన్నో ఇళ్లలో అబ్బా దుబాయ్‌లోనో సౌదీలోనో ఉంటాడు. ఇంట్లో మిగిలేది పిల్లలు, వాళ్ల చేతిలో ఫోన్. బయట తిరిగే దానికన్నా ఇంట్లో గేమ్ ఆడుకోవడమే నయం కదా అని అమ్మీలు సరిపెట్టుకుంటారు. అయితే గేముల్లో ఒక రకం ఉంది. అందులో కాల్పులుండవు, పరుగులుండవు, పందెం డబ్బులుండవు. చదవడమే ఉంటుంది. దూరం నుంచి చూస్తే పిల్లవాడు కథ చదువుకుంటున్నట్టే కనిపిస్తాడు. నిజంగానే చదువుతున్నాడు కూడా.

వీటిని విజువల్ నావెల్స్ అంటారు. బొమ్మల నవల అనుకోవచ్చు. తెర మీద ఒక బొమ్మ, కింద మాటలు, వెనక సంగీతం. అక్కడక్కడా కథ ఆగి ‘ఇప్పుడేం చేస్తావు?’ అని అడుగుతుంది. ఆడేవాళ్లు ఎంచుకున్న జవాబును బట్టి కథ దారి మారుతుంది, ముగింపు మారుతుంది. పుట్టిల్లు జపాన్. మన పిల్లలకు అంత దూరం సంగతి ఎలా తెలుస్తుందంటే, యానిమే ద్వారా. 2025 సెప్టెంబర్‌లో ‘డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లలోనే ఆడింది. ఆ సినిమాకు ఈ గేములతో సంబంధం లేదు. కానీ యానిమే రుచి మరిగిన పిల్లలు ఇంకా ఏమున్నాయని వెతుకుతూ పోతే, దారిలో ఇవి తగులుతాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ గేముల్లో చాలావాటికి శృంగార దృశ్యాలు ఉంటాయి. అవి ఉంటేనే కథ పండుతుందని, తీసేస్తే కథకు అన్యాయం జరుగుతుందని వాదించేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ వాదన నిజమా కాదా అన్నది ఒక్క దీన్ కోణంలోనే కాదు, వ్యాపారం లెక్కలో చూసినా తేలిపోతుంది.

మొదటి సంగతి, ఈ రకం కథలు మొదలైనప్పుడు వాటిలో అశ్లీలం లేనే లేదు. 1992లో చున్‌సాఫ్ట్ అనే కంపెనీ ‘ఒతొగిరిసో’ అనే భయం కథను, 1994లో ‘కమైతాచి నో యోరు’ అనే హత్య కథను నింటెండో మెషీన్ మీద తెచ్చింది. రెండూ పేరు తెచ్చుకున్నవే. ఆ తర్వాత చిన్న కంపెనీలు దిగాయి. వాటి దగ్గర పెట్టుబడి తక్కువ. నింటెండో, సోనీ మెషీన్ల మీద అమ్మాలంటే ఆ కంపెనీల అనుమతి కావాలి, ఖర్చూ ఎక్కువ. కంప్యూటర్ మీద అమ్మితే ఆ బాధ లేదు. పెట్టె మీద ‘18 దాటినవాళ్లకు’ అని ముద్ర వేస్తే కొనేవాళ్లు ఎలాగూ కొంతమంది దొరుకుతారు. అంటే ఆ దృశ్యాలు పెట్టుబడికి ధీమా. లీఫ్ అనే కంపెనీ 1996లో ‘షిజుకు’తో ‘విజువల్ నావెల్’ అనే పేరు పెట్టి అమ్మింది ఈ లెక్కతోనే.

తర్వాత జరిగింది చూడండి. కథలు బాగా రాసినవాళ్లు పేరు సంపాదించగానే ఆ దృశ్యాలను వాళ్లే వదిలించుకున్నారు! లీఫ్ వాళ్ల ‘టు హార్ట్’ 1997లో పెద్దలకు మాత్రమే అమ్మిన గేమ్. 1999లో ప్లేస్టేషన్‌కు వచ్చేసరికి ఆ సీన్లు లేవు. ‘కీ’ అనే కంపెనీ ‘కానన్’ను 1999లో, ‘ఎయిర్’ను 2000లో పెద్దల సరుకుగానే విడుదల చేసింది. అదే కంపెనీ 2004లో ‘క్లనాడ్’ను మొదటి రోజు నుంచే అందరూ ఆడదగ్గదిగా తెచ్చింది. తండ్రీకొడుకుల మధ్య దూరం, పెళ్లి, బిడ్డ బాధ్యత, ఇవీ దాని కథావస్తువులు. ఈ రకం గేముల్లో ఎక్కువమంది కంటతడి పెట్టింది దేనికని అడిగితే, తెలిసినవాళ్లు ముందుగా చెప్పే పేర్లలో అదొకటి.

ఇంకా గట్టి ఉదాహరణ ‘ఫేట్/స్టే నైట్’. 2004 జనవరిలో టైప్-మూన్ అనే బృందం పెద్దల గేముగా తెచ్చింది. అందులో ఆ దృశ్యాలకు ఒక సాకు కూడా అల్లారు: ఒకరి మంత్రశక్తి మరొకరికి అందాలని. సీన్ తీసేస్తే కథ తెగిపోతుందన్న వాదనకు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. కానీ 2007లో ప్లేస్టేషన్ 2 కోసం రచయితలు ఆ చోట వేరే ఘట్టాలు రాసుకున్నారు. శక్తి మరో దారిలో అందింది. కథ ఎక్కడా తెగలేదు. 2024లో ప్రపంచమంతటికీ అమ్మకానికి పెట్టింది కూడా ఆ సీన్లు లేని కూర్పునే.

ఎదుటివాళ్ల వాదనలో సత్యమే లేదనలేం. 2012లో ఉచితంగా వచ్చిన ‘కతావా షోజో’ అంగవైకల్యం ఉన్న విద్యార్థుల కథ. అందులోని దృశ్యాలు ఆ పాత్రల సిగ్గును, తడబాటును, మనసును చూపిస్తాయని అభిమానులు అంటారు. అయితే ఆ గేములోనే వాటిని ఆపేసే మీట కూడా ఉంది. ఆపేసి ఆడినా కథ చివరిదాకా నడుస్తుంది. తయారు చేసినవాళ్లే మీట పెట్టారంటే, అది లేకపోయినా నడుస్తుందని వాళ్లకు తెలిసే కదా!

కోరికను కథలోంచి వెలివేయాలా అంటే, అదీ కాదు. సూరా యూసుఫ్ గుర్తు చేసుకుందాం. అల్లాహ్ దాన్ని అతి చక్కని గాథ అన్నాడు. అందులో అజీజ్ భార్య కోరిక ఉంది, మూసిన తలుపులు ఉన్నాయి, వెనక నుంచి చినిగిన చొక్కా ఉంది, చేతులు కోసుకున్న పట్టణపు స్త్రీలు ఉన్నారు. ఏదీ దాచలేదు. కానీ వినేవాడి చూపును ఎక్కడా ఒంటి మీదికి తోలలేదు. చొక్కా ఎటు చినిగిందన్న ఒక్క మాటతో మొత్తం నిజం తేలిపోయింది. ఉర్దూ సాహిత్యంలోనూ ఇలాంటి గొడవ జరిగింది. ఇస్మత్ చుగ్తాయి 1942లో రాసిన ‘లిహాఫ్’ మీద లాహోర్ కోర్టులో అశ్లీలత కేసు నడిచింది. కథలో ఒక్క బూతు మాటైనా చూపించలేకపోవడంతో కేసు నిలబడలేదు. ఆ కథ నచ్చడం నచ్చకపోవడం వేరే సంగతి.

ఇప్పుడు డబ్బు గాలి కూడా మారుతోంది. 2025 జులైలో స్టీమ్ అనే పెద్ద ఆన్‌లైన్ గేముల దుకాణం, కార్డు చెల్లింపుల సంస్థల నిబంధనలకు సరిపడని పెద్దల గేములు ఉంచబోమని రూల్ పెట్టింది. అదే నెలలో ఇచ్.ఐఓ అనే మరో దుకాణం అలాంటి గేములను వెతికినా కనిపించకుండా దాచేసింది. మన దేశంలోనూ ఆ నెలలోనే కేంద్ర ప్రభుత్వం అశ్లీలత కారణంగా ఉల్లు, ఆల్ట్‌తో సహా 25 యాప్‌లు, సైట్లను ఆపించింది.

దీంతో బెడద పోయిందనుకుంటే పొరపాటు. ఎందుకంటే ‘ప్యాచ్’ అనేది ఒకటి ఉంది. దుకాణంలో గేమ్ శుభ్రంగానే అమ్ముతారు. తీసేసిన సీన్లను చిన్న ఫైలుగా వేరే చోట పెడతారు. దాన్ని దించుకుని కలిపితే సీన్లు తిరిగి వస్తాయి. 2014 చివర్లో స్టీమ్‌కు వచ్చిన ‘నెకోపారా’ ఈ పద్ధతికి బాగా తెలిసిన ఉదాహరణ. కాబట్టి దుకాణంలో కనిపించే వయసు ముద్ర ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండలేం.

చట్టం సంగతి పిల్లలకు తప్పక చెప్పాలి. అశ్లీలాన్ని పంపడం ఐటీ చట్టం 67వ సెక్షన్ కింద నేరం. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసినా పంపినట్టే. 67బి ఇంకా కఠినం. 18 ఏళ్ల లోపు పిల్లలను అసభ్యంగా చూపే రాతలు, డిజిటల్ బొమ్మలు తయారు చేయడమే కాదు, వెతకడం, దించుకోవడం కూడా అందులోకి వస్తాయి. మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. ఈ గేముల్లో పాత్రలు చాలావరకు బడి యూనిఫాంలోనే ఉంటాయి. బొమ్మే కదా, ఏమవుతుందిలే అనుకునే కుర్రాడికి ఈ సెక్షన్ తెలియదు.

ఫోన్‌లో చేయాల్సింది పెద్ద పనేం కాదు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి సెట్టింగ్స్, ఫ్యామిలీ, అక్కడ పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేసి పిన్ పెట్టాలి. పిన్ పిల్లల పుట్టిన తేదీ కాకుండా చూసుకోండి, మొదట నొక్కి చూసేది అదే. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అన్న చోట టెలిగ్రామ్‌కు, బ్రౌజర్‌కు అనుమతి ఉంటే తీసేయాలి. ప్లే స్టోర్ బయటి ఫైళ్లు ఎక్కేది ఈ దారిలోనే.

మీట నొక్కడం కన్నా కష్టమైన పని, పిల్లలతో మాట్లాడటం. సూరా నూర్‌లో చూపు దించుకోమన్న ఆదేశం మొదట, 30వ ఆయతులో, మగవాళ్లకే వచ్చింది. స్త్రీలకు ఆ తర్వాతి ఆయతులో. మన ఇళ్లలో మాత్రం హయా పాఠం ఆడపిల్లకే చెప్పి మగపిల్లవాడి చేతికి ఫోన్ ఇచ్చేస్తున్నారు. అబ్బా వారానికోసారి వీడియో కాల్ చేసినప్పుడు మార్కుల గురించి అడుగుతాడు, డబ్బు అందిందా అని అడుగుతాడు. ‘ఏం కథ చదువుతున్నావు బేటా, అందులో ఎవరెవరున్నారు?’ అని కూడా అడగొచ్చు. మంచి కథైతే వాడు అరగంట చెబుతాడు. చెప్పలేక నసిగితే అబ్బాకు సంగతి అర్థమవుతుంది.