వంటింట్లో యాసిడ్లు: ఏది ఎంత, దేనితో కలపకూడదు

ఊరి నుంచి అమ్మో అత్తగారో వస్తే మొదటి వారంలోనే ఒక మాట వినిపిస్తుంది: "బాత్రూమ్ కడగడానికి యాసిడ్ తెప్పించమ్మా!" వాళ్ళడిగేది మన కిరాణా కొట్లో దొరికే పొగలొచ్చే సీసా, అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్. 2013లో సుప్రీంకోర్టు ఆదేశాలతో మన దగ్గర యాసిడ్ చిల్లర అమ్మకం మీద ఆంక్షలు వచ్చాయి, ఎంత అమలవుతున్నాయో మీకే తెలుసు. యూరప్‌లో అయితే 2021 ఫిబ్రవరి 1 నుంచి 15 శాతం దాటిన సల్ఫ్యూరిక్ యాసిడ్ మామూలు జనానికి అమ్మకూడదు.

కానీ ఇక్కడ జాగ్రత్త పడాల్సిన సీసా వేరే ఉంది. లైప్‌జిగ్ సూపర్‌మార్కెట్లో వెనిగర్ పక్కనే నీళ్ళలా కనిపించే "ఎస్సిగ్ ఎసెంట్స్". మామూలు వెనిగర్‌లో అసిటిక్ యాసిడ్ 5 శాతం ఉంటే, ఇందులో 25 శాతం. జర్మన్ చదవడం రాని పెద్దవాళ్ళు వెనిగరే అనుకుని ఫ్రైడ్ రైస్‌లో పోస్తే? వంటకి వాడాలంటే ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్ళు కలపాలి. ఖాళీ నీళ్ళ బాటిల్లో మాత్రం ఎప్పుడూ పోసి పెట్టకండి.

"అది వీక్ యాసిడే కదా, స్కూల్లో చదివాం" అంటారేమో. బలం వేరు, చిక్కదనం వేరు. ఈ రెంటికీ ఉన్న సంబంధాన్ని లెక్క కట్టినాయన మన లైప్‌జిగ్ యూనివర్సిటీ ప్రొఫెసరే. 1887లో ఇక్కడికి వచ్చిన విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ మరుసటి ఏడే ఆ సూత్రం చెప్పారు. వీక్ యాసిడ్‌లో కొద్ది అణువులే అయాన్లుగా విడిపోతాయి, నీళ్ళు కలిపేకొద్దీ ఆ వంతు పెరుగుతుంది. వీక్ అన్నది ఆ విడిపోవడం గురించిన మాట. చిక్కగా ఉంటే వీక్ యాసిడ్ కూడా నోటినీ గొంతునీ కాల్చేస్తుంది.

అమ్మోనియాని వేడి ప్లాటినం మీదుగా పంపి నైట్రిక్ యాసిడ్ తయారుచేసే పద్ధతికి 1902లో పేటెంట్ తీసుకున్నదీ ఈయనే. ఎరువులు దానితోనే, మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు మందులూ దానితోనే. 1909లో నోబెల్ వచ్చింది. గ్రోస్‌బోథెన్‌లో ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం, పిల్లల్ని తీసుకెళ్ళండి. ఇక కారు బ్యాటరీలో ఉండే సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని అన్నిటికన్నా ఎక్కువ వాడేది ఎరువుల ఫ్యాక్టరీలే. మన విశాఖ కోరమాండల్‌లో రాక్ ఫాస్ఫేట్‌ని దానితో కరిగించి ఫాస్ఫారిక్ యాసిడ్ తీస్తారు.

మళ్ళీ ఇంట్లోకొద్దాం. పిల్లలెవరైనా ఎసెంట్స్ మింగితే ఉప్పునీళ్ళు తాగించి కక్కించే పాత అలవాటు ఉంది చూడండి, అది అస్సలు వద్దు. కక్కితే గొంతు రెండోసారి కాలుతుంది. నోరు కడిగి, రెండు మూడు గుక్కల నీళ్ళు పట్టించి, ఎర్‌ఫుర్ట్ విష సమాచార కేంద్రానికి ఫోన్ చేయండి: 0361 730 730. సాక్సనీ వాళ్ళకి అదే నంబరు. ఊపిరి ఆడకపోతే నేరుగా 112. కంట్లో పడితే ముందు కుళాయి నీళ్ళతో కడుగుతూ ఉండండి, ఫోన్ పక్కవాళ్ళని చేయమనండి.

ఇంకొకటి. డాన్‌క్లోరిక్స్ లాంటి బ్లీచ్‌తో టాయిలెట్ క్లీనర్ గానీ, వెనిగర్ గానీ, నిమ్మ ఉప్పు గానీ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇక్కడ చాలా ఫ్లాట్లలో బాత్రూమ్‌కి కిటికీయే ఉండదు. అమ్మ వచ్చిన రోజే ఈ రెండు సీసాలూ చూపించి చెప్పండి.

కెటిల్‌లో తెల్లగా పేరుకున్న సున్నానికి నిమ్మ ఉప్పు, అదే "సిట్రోనెన్‌జోయ్‌రె" పొడి, చాలు. అయితే చల్లటి నీళ్ళలో కలిపి నానబెట్టాలి. మరిగిస్తే కాల్షియం సిట్రేట్ అయి మొండిగా అతుక్కుంటుంది. పాలరాయి మీద మాత్రం ఏ యాసిడూ వద్దు, రాయిని తినేస్తుంది. ఇత్తడి కుందులకి చింతపండే మేలు, అందులోని టార్టారిక్ యాసిడ్ నలుపుని కరిగిస్తుంది. తోమిన వెంటనే కడిగి, పొడి గుడ్డతో తుడిచేయండి, లేకపోతే సాయంత్రానికే మళ్ళీ మచ్చలొస్తాయి.