పిల్లి, ఊలు, మా ఆయన చేతులు

పుట్టిల్లు జనగామ, చెల్లె అత్తగారిల్లు మానుకోట, నా కాపురం భూపాలపల్లి. మూడు చోట్లా స్వెటర్ వేసుకునేది మహా అయితే రెండు నెలలు. దాన్ని అల్లడానికి నాకు మిగతా పది నెలలూ పడుతుంది. తప్పు నా చేతులది కాదు, పిల్లిది.

గొంగడి జోలికి మాత్రం అది పోదు. మా ఇంట్లో ఉన్నది దక్కనీ గొర్రెల బొచ్చుతో కురుమలు నేసి, చింతగింజల గంజి పట్టించింది. పిల్లి దానిమీద పడుకుంటుంది, అంతే. నేతలో పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒక పోగు లాగితే ఆ పోగే వస్తుంది. అల్లికలో ఉన్నది ఒకటే దారం, ఉచ్చులోంచి ఉచ్చు తీసినది. సూదిమీద 80 కుట్లుంటే 80కీ దిక్కు ఆ సూదే. పిల్లి దాన్ని కరుచుకుని మంచం కిందికి పోయిందంటే అన్నీ ఒక్కసారే అనాథలు.

క్రోషాలో ఎప్పుడు చూసినా తెరిచి ఉండేది దాదాపు ఒక్క ఉచ్చే. నర్సాపురం ఆడవాళ్లు లేసు అల్లేది దాంతోనే. విదేశాలకు పోయే ఆ సరుకును ఇంటి దగ్గర తీరికగా చేసే పని కింద ఎట్లా జమకట్టారో మరియా మీస్ 1982లో పుస్తకమే వేసింది. మా ఆయన నా అల్లికను ‘టైంపాస్’ అన్నప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది.

అయినా ఆయన్ని ఏమనలేను. ఫస్ట్ షిఫ్టు దిగొచ్చి, రెండు చేతులకూ ఊలు లచ్చి తొడుక్కుని కూర్చుంటాడు. నేను ఉండ చుడుతుంటే దారం వచ్చే వైపు చెయ్యి వంచుతాడు. చేతులు కట్టేసి ఉన్న మనిషి తోలలేడని పిల్లికి తెలుసు. నేరుగా భుజం ఎక్కుతుంది.

“ఇంకెంత సేపే?”

“అయిపాయె, నాలుగు చుట్లు.”

ఇంకా నలభై ఉంటాయి. ఆయనకూ తెలుసు.

అంగట్లో ఊలు పేరుతో దొరికేది చాలావరకు అక్రిలిక్. చుట్టూ గొర్రెల మందలున్న ఊళ్లో గొర్రెను ఎరగని ఊలు! దక్కనీ బొచ్చు మొరటుది, మెడకు గుచ్చుకుంటుంది మరి. పిల్లికి ఈ తేడాలు పట్టవు. దొర్లే ఉండ దానికి పారిపోయే ఎలుక. కదలకుండా పెట్టండి, కన్నెత్తి చూడదు. అందుకే నా ఉండ మూతకు రంధ్రం పెట్టిన డబ్బాలో ఉంటుంది.

నవ్వులాట కానిది ఒకటుంది. పిల్లి నాలుకమీది ముళ్లు గొంతు వైపు వంగి ఉంటాయి. నోట్లో పడ్డ దారం బయటికి రావడం కన్నా లోపలికి పోవడమే తేలిక. ఒక కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుని, మిగతాది పేగుల్లోకి సాగిందా, లంగాకు నాడా బిగించినట్టు పేగు కుచ్చిళ్లు పడుతుంది, కోసుకుపోనూవచ్చు. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ కొస కనబడితే లాగకూడదు. పశువుల డాక్టరు దగ్గరికి పోవాలి.

కాబట్టి దారం తెగిన రోజు స్వెటర్ సంగతి పక్కనపెట్టి ముక్కలు వెతుకుతాం. టార్చి పట్టుకుని మంచం కింద దూరేది మా ఆయనే. మొన్న రెండు దొరికాయి. తెగిన కొసలు జోడించి చూస్తే సరిపోయాయి. పిల్లి అప్పటికే గొంగడి మీద నిద్రపోతోంది.