‘మీరు’ అనిపించుకునేదెవరు?

అమెరికా మాధ్యమిక పాఠశాలల్లో, అంటే ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, పిల్లలు ఎక్కువగా ఎంచుకునే పరభాష స్పానిష్. పలకరింపులు, అంకెలు, రంగులు పూర్తయ్యాక మొదటి కొద్ది వారాల్లోనే ఒక చిన్న వ్యాకరణ పాఠం వస్తుంది. స్నేహితులను ‘తూ’ అనాలి. పెద్దలను, అపరిచితులను ‘ఉస్తెద్’ అనాలి. అందరినీ ఒకే ‘యూ’తో పిలిచే ఇంగ్లిష్ పిల్లలకు ఇది వింత. అదే తరగతిలో కూర్చున్న తెలుగు ఉద్యోగుల పిల్లలకు మాత్రం నువ్వు, మీరు ఇంట్లో విన్నవే. ఉపాధ్యాయులు దీన్ని మర్యాదల పాఠంగా చెప్పి, ఖాళీలు పూరింపజేసి, తరువాతి అధ్యాయానికి వెళ్లిపోతారు. కులం గురించి ఆలోచించేవారు అక్కడ కాసేపు ఆగవలసి ఉంటుంది.

మన పల్లెల్లో ఈ సర్వనామం వయసును బట్టి నడవలేదు. అరవై ఏళ్ల పాలేరును పదేళ్ల దొరబిడ్డ ‘ఒరేయ్’ అన్నాడు. ఆ వృద్ధుడు ఆ పిల్లవాణ్ని ‘అయ్యా’ అన్నాడు. పెద్దలను గౌరవించాలని చెప్పిన మన వాచకాలు పెద్దలంటే ఎవరో చెప్పకుండా దాటవేశాయి. స్పానిష్ వాచకాలదీ అదే మౌనం. ఆ భాషలో ‘వోస్’ అనే మరో సర్వనామం ఉంది. అర్జెంటీనాలో అది అందరూ వాడే చనువు మాట. గ్వాటెమాలాలోనూ, దాని పొరుగున ఉన్న మెక్సికో రాష్ట్రం చియాపాస్‌లోనూ భూస్వాములు ఆదివాసులను చిన్నబుచ్చి పిలవడానికి వాడిన మాట కూడా అదే.

చియాపాస్ భూస్వామ్య కుటుంబంలో పెరిగిన రోసారియో కాస్తెయానోస్ 1957లో ప్రచురించిన ‘బలూన్ కానాన్’ నవల ఈ లోకాన్ని లోపలి నుంచి చూపింది. అక్కడ ఆదివాసి తన యజమానితో స్పానిష్‌లో మాట్లాడటమే తలబిరుసుతనం. యజమాని భాష యజమాని ఆస్తి. శూద్రుడు వేదం వింటే చెవుల్లో కరిగించిన లోహం పోయాలన్న గౌతమ ధర్మసూత్రాన్ని ఎరిగిన మనకు దీని తర్కం విడమరచి చెప్పనక్కరలేదు. నవలా కాలం 1930ల నాటి భూసంస్కరణల కాలం. తమ ఎస్టేట్లలో పనిచేసే ఆదివాసుల పిల్లలకు బడి పెట్టాలని చట్టం భూస్వాములను నిర్బంధించింది. దొర తన బంధువర్గంలోని ఒక యువకుణ్ని పంతులుగా తెచ్చిపెట్టాడు. ఆ యువకుడికి పిల్లల త్సెల్తాల్ భాష రాదు, పిల్లలకు స్పానిష్ రాదు. అతను పంచాంగం వంటి పుస్తకం ఒకటి తెరిచి గట్టిగా చదివాడు. దాంతో చట్టం అమలయినట్టే లెక్క. కాగితం మీద బడి, వాడలో గోడలు మాత్రమే ఉన్న ఊళ్లు మనకూ తెలుసు కనుక ఈ ఘట్టం చదివినప్పుడు నవ్వు రాదు.

మళ్లీ అమెరికా తరగతి గదికి వద్దాం. అక్కడ రెండు రకాల పిల్లలు కూర్చుంటారు. ఒకరికి స్పానిష్ ఒక అదనపు అర్హత. రెండోవారికి అది అమ్మ మాట. వారి తల్లిదండ్రులు ద్రాక్షతోటల్లో, హోటళ్ల వంటగదుల్లో, భవన నిర్మాణంలో పనిచేస్తారు. టెక్సస్‌లోని మార్ఫా పట్టణంలో మెక్సికన్ పిల్లలకు వేరుగా నడిపిన బ్లాక్‌వెల్ పాఠశాల 1965 వరకు ఉంది. 1954లో అక్కడి పిల్లల చేత ఇకపై స్పానిష్ మాట్లాడబోమని చీటీలు రాయించి, వాటిని పెట్టెలో పెట్టి, ‘మిస్టర్ స్పానిష్’ అంత్యక్రియల పేరుతో జెండా స్తంభం దగ్గర పూడ్పించారు. 1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్ విద్యార్థులు వేల సంఖ్యలో తరగతులు బహిష్కరించి వీధుల్లోకి వచ్చినప్పుడు, స్పానిష్ మాట్లాడినందుకు పడే శిక్షలు వారి ఫిర్యాదుల్లో ఉన్నాయి. కాలిఫోర్నియా ఓటర్లు 1998లో ద్విభాషా బోధనను దాదాపు నిషేధించి, 2016లో 73 శాతం ఓట్లతో ఆ ఆంక్షలను ఎత్తివేశారు. ఈ రెంటి మధ్య, 2011లో, రెండు భాషలు వచ్చిన విద్యార్థి పట్టాపై ముద్ర వేసే చట్టం అదే రాష్ట్రం చేసింది. పూడ్చిపెట్టిన భాషకే పతకం వచ్చింది. అది ఎవరి మెడలో పడుతుందన్నదే అసలు ప్రశ్న.

స్టాన్‌ఫర్డ్ పండితురాలు గ్వాదలూపే వాల్దెస్ 1997లోనే ఈ విషయమై హెచ్చరించారు. ఇంగ్లిష్ పిల్లలనూ స్పానిష్ పిల్లలనూ కలిపి రెండు భాషలూ నేర్పే బడులు పైకి సమానంగా కనిపించినా, వాటిలో అధికారం సమానంగా ఉండదన్నది ఆమె వాదన సారాంశం. ఇంగ్లిష్ పిల్ల రెండు స్పానిష్ వాక్యాలు తడబడుతూ పలికితే చప్పట్లు కొడతారు. కూలీ బిడ్డ ఇంగ్లిష్ నేర్చుకుంటే అది కనీస బాధ్యత అంటారు. ఆ బిడ్డ స్పానిష్‌కు ఎర్రసిరా కూడా తప్పదు. గ్రామీణ మెక్సికన్లు ‘ఆయా’ అనవలసిన చోట ‘అయిగా’ అంటారు. అది చదువురాని మాట అని తరగతిలో కొట్టివేస్తారు. నిజానికి అది పాత స్పానిష్ రూపం. పల్లెవాళ్లు నిలుపుకున్నారు, పట్నంవాళ్లు వదిలేశారు. మన వాడుక భాషోద్యమం గొప్పదే. కాని గిడుగు నిలబెట్టినది శిష్ట వ్యావహారికం. శిష్టులెవరన్న దగ్గర మాలమాదిగ వాడల పలుకుబడి, తెలంగాణ యాస బయటే నిలబడవలసి వచ్చింది. బల్ల మీద నిలబడి తన మాటను తానే దిద్దుకున్న పిల్లవాడికి మార్ఫా దూరం కాదు.

ఇంతటితో ఆగితే తెల్లవారు, మెక్సికన్లు అన్న రెండు మెట్లే కనిపిస్తాయి. అంబేడ్కర్ చెప్పిన అంతస్తుల అసమానతలో రెండు మెట్లు ఎన్నడూ లేవు. కాలిఫోర్నియా స్ట్రాబెర్రీ తోటల్లో పనిచేసే వహాకా రాష్ట్రపు మిక్స్‌టెక్, జపొటెక్ కుటుంబాలకు స్పానిష్ కూడా పరాయి భాషే. వారి పిల్లలను బడిలో ‘వహాకీత’, ‘ఇందీతో’ అని ఎగతాళి చేసింది తెల్లపిల్లలు కాదు, ఎక్కువగా సాటి మెక్సికన్ పిల్లలు. మన ‘ఎస్సీగాడు’ అన్న మాటకు ఉన్న పదునే వాటిదీ. ఆదివాసీ వలస కుటుంబాల పోరాటంతో 2012లో ఆక్స్‌నార్డ్ పాఠశాలల మండలి ఆ మాటలను తన బడుల్లో నిషేధించింది. మన రెండు రాష్ట్రాల విద్యాశాఖలు చదవదగిన తీర్మానం అది.

కులానికి ఇంగ్లిష్‌లో వాడే ‘కాస్ట్’ అన్న మాట కూడా ఐబీరియా నుంచి వచ్చిందే. పోర్చుగీసులు మన జాతుల వ్యవస్థకు ‘కస్తా’ అని పేరు పెట్టారు. స్పానిష్ వలస మెక్సికోలో అదే పేరుతో రక్తమిశ్రమాల పట్టిక తయారయింది. 18వ శతాబ్దపు చిత్రకారులు తండ్రి, తల్లి, బిడ్డలను బొమ్మ గీసి కింద పేరు రాసేవారు: స్పానియార్డుకు, ఆదివాసి స్త్రీకి పుట్టినవాడు మెస్తీసో. పోనుపోను పేర్లు కరువై ‘వెనక్కి గెంతినవాడు’, ‘గాలిలో వేలాడేవాడు’, చివరికి ‘నువ్వు నాకు అర్థం కావు’ అని కూడా రాశారు. శూద్రునికీ బ్రాహ్మణ స్త్రీకీ పుట్టినవాణ్ని చండాలుడన్న మనుస్మృతి పదో అధ్యాయం పక్కన ఈ బొమ్మలను పెట్టి చూడాలి. రంగులు అద్దటంలో మాత్రమే తేడా.

మరి ఇక్కడ? జాతీయ విద్యావిధానం 2020 ఉన్నత పాఠశాల స్థాయిలో నేర్పదగిన విదేశీ భాషల్లో స్పానిష్‌ను పేర్కొంది. హైదరాబాద్ అంతర్జాతీయ పాఠశాలల్లో పదకొండేళ్ల పిల్లలకు ఇంగ్లిష్‌పై మరో విదేశీ భాష అందుతోంది. మాతృభాష ఏమైపోతుందని అక్కడెవరూ కన్నీరు పెట్టలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం అనగానే ఆ కన్నీరు కట్టలు తెంచుకుంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. 2014లో కేంద్రీయ విద్యాలయాల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు చదువుతున్న జర్మన్‌ను విద్యాసంవత్సరం మధ్యలో తీసి సంస్కృతాన్ని పెట్టినప్పుడు కూడా, ఆ పిల్లల్లో ఎవరి పూర్వీకులను సంస్కృతం గుమ్మం బయటే ఆపిందో అడిగినవారు తక్కువ. ఒకరి బిడ్డకు మూడో భాష అలంకారం, మరొకరి బిడ్డకు రెండో భాషే వివాదం.

స్పానిష్ నేర్పవద్దని కాదు. సర్కారు గురుకులాల్లోనూ నేర్పాలి. ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడ స్పానిష్ చదివిన దళిత, ఆదివాసీ యువతను ఉపాధ్యాయులుగా తీసుకోవచ్చు. ‘తూ’, ‘ఉస్తెద్’ల పాఠం దగ్గర వారు ఒక అభ్యాసం చేర్చాలి. మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆమెను మీరేమని పిలుస్తారు, ఆమె మిమ్మల్ని ఏమని పిలుస్తుంది, స్పానిష్‌లో రాయండి అని అడగాలి. రెండు వాక్యాలు చాలు. ఆరో తరగతి వ్యాకరణం అందుకు సరిపోతుంది.